అడ్డచుట్ట

మూడో డొక్క చితికేసరికి మాణిక్యం నోట్లో చుట్ట సగానికి వచ్చింది. నిప్పున్న కొసను నోట్లోకి తిప్పి, పెదవులు బిగించి, ముక్కుతో పొగ వదులుతూ ఆమె కొట్టుడుకర్ర ఎత్తి దించుతోంది. దుంగ మీద నానిన కొబ్బరి డొక్క ఒక్కో దెబ్బకూ మెత్తబడి, నల్లటి నీళ్ళు కక్కి, పీచుగా విడిపోతోంది. ఆరు నెలలు కాలవ గుంటలో మురిగిన డొక్కలవి. ఆ కంపులో చుట్ట వాసన ఎవరి ముక్కుకూ ఆనదు. దూరం నుంచి చూస్తే, పళ్ళు తోముకుంటూ పనిలోకి వచ్చేసి వేపపుల్ల తీయడం మరిచిపోయిన మనిషిలా ఉంటుంది. బూడిద నాలుక మీద పడినప్పుడల్లా తల పక్కకు తిప్పి కొంత ఉమ్ముతుంది, కొంత మింగుతుంది.

మంగరాజుగారి పీచు కళ్ళంలో ఉన్న కట్టుబాటు ఒక్కటే. నిప్పు కంటికి కనపడకూడదు. ఎండిన పీచు గడ్డివాముల్లా పోసి ఉన్నచోట ఒక్క రవ్వ చాలు. మగవాళ్ళు బీడీ కాల్చుకోవాలంటే పని ఆపి కాలవ గట్టు ఎక్కాలి. ఆడవాళ్ళకు ఆ తీరుబడి ఎవరిస్తారు? నిప్పు నోట్లోకి తిప్పుకుంటే రవ్వ ఎగరదు, వానకు ఆరదు, రెండు చేతులూ పనికి మిగులుతాయి. మాణిక్యం తల్లి ఊడ్పు చేలో నడుం వంచి ఇలాగే కాల్చింది. ఆవిడ తల్లీ ఇంతే. మంగరాజుగారికి ఇదంతా తెలుసు. "కనపడని నిప్పు నిప్పు కాదే" అని నవ్వేసి ఊరుకుంటారు.

"ఒదినా, ఇయ్యేళ బళ్ళోకి డాట్టర్లొత్తన్నారంటగా" అంది పక్క దుంగ దగ్గర్నించి పాపాయమ్మ. ఆమె నోట్లోనూ చుట్టే. పాపాయమ్మ దాన్ని పెదవి మూలకు నెట్టి మాట్లాడగలదు, పాడగలదు, అవసరమైతే ఇద్దర్ని తిట్టగలదు కూడా. "నోట్లో లైటేసి సూత్తారంట. నాకు మీ లైటెందుకండీ, లోపల సొంత లైటు ఎలుగుతానే ఉందని సెప్తాను."

అవతల ఉన్న ముగ్గురూ నవ్వేరు. మాణిక్యం నవ్వలేదు. ఈమధ్య నవ్వితే అంగిట్లో ఏదో లాగుతోంది.

"నిన్నూ రమ్మందంటగా నీ కూతురు టీచరమ్మ, ఉపన్యాసం ఇమ్మని."

"ఉపన్యాసం కాదు. సాచ్చికం."

"అదేలే. సుట్ట మానేసిన సాచ్చికం." పాపాయమ్మ ఆమె నోటి వంక ఓసారి చూసి, మళ్ళీ డొక్క మీదికి వంగింది.

ఈ కళ్ళంలో పనిచేసే నలుగురు ఆడవాళ్ళకూ నాలుగేళ్ళుగా తెలిసిన గుట్టు అది. మొగుళ్ళ మీద కోపాలొచ్చి ఒకరి జుట్టు ఒకరు పట్టుకున్న రోజుల్లో కూడా వాళ్ళెవరూ ఆ మాటను కాలవ గట్టు దాటనివ్వలేదు.

పుష్పలత మాణిక్యానికి ఒక్కతే కూతురు. తండ్రి కొబ్బరిచెట్టు మీంచి పడి పోయేనాటికి దానికి ఆరేళ్ళు. ఎనిమిదో తరగతిలో ఉండగా తోటిపిల్ల ఒకతె లెక్కల పుస్తకం కోసం ఇంటికొచ్చింది. అరుగు మీద కూర్చున్న మాణిక్యం, "రామ్మా, కూకో" అనడానికి నోట్లోంచి మండుతున్న చుట్ట బయటికి తీసింది. ఆ పిల్ల పుస్తకం సంగతి మరిచిపోయి వచ్చిన దారినే పరుగెత్తింది. మర్నాటికి బళ్ళో పుష్పలత 'నిప్పులమ్మ కూతురు' అయింది. కూతురు ఇంటికొచ్చి ఏడవలేదు, తల్లిని ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత స్నేహితురాళ్ళెవర్నీ ఇంటికి తేలేదు, అంతే. అనకుండా వదిలేసిన ఆ మాటే మాణిక్యాన్ని ఇన్నేళ్ళూ గుచ్చుతూ వచ్చింది.

డెబ్బై ఎనిమిదిలో పుష్పలతకు ఊళ్ళోనే బడిపంతులమ్మ ఉద్యోగం వచ్చింది. పేటలో ఉద్యోగం చేసిన మొదటి ఆడపిల్ల. ఆ ఆదివారం పాస్టరు ఏసుదాసుగారు ప్రసంగం ముగించగానే మాణిక్యం లేచి నిలబడింది. కొంగులోంచి చుట్టల డబ్బా తీసి, నడిచి వెళ్ళి, బల్ల మీద పెట్టింది. "ఇయ్యాల్టితో మానేసేనండి" అంది. గుడంతా స్తోత్రం అంది. ఇంటికి వచ్చే దారిలో పుష్పలత పదిమంది చూస్తుండగా తల్లి చెయ్యి పట్టుకుంది.

అంతటి సాక్ష్యం పాస్టరుగారికి మళ్ళీ దొరకలేదు. మామిడికుదురులో స్త్రీల కూటమన్నా, పి.గన్నవరంలో అన్నా మాణిక్యాన్ని తీసుకెళ్ళేవారు. "పెబువు నా నోరు కడిగేడండి" అని మొదలుపెట్టేది. ముసలమ్మలు కళ్ళొత్తుకునేవారు. మానేసిన మాట అబద్ధం కాదు. మూడు నెలల పదిరోజులు మానేసింది. ఆషాఢం ముసురులో, నడుం లోతు నీళ్ళలో దిగి డొక్కలు ఎత్తుతూ దవడలు కొట్టుకుంటుంటే పాపాయమ్మ తన నోట్లో చుట్ట తీసి అందించింది. ఒక్క దమ్మే అంది. ఆ వచ్చే ఆదివారం ఉప్పలగుప్తంలో కూటం. రానంటే ఎందుకు రానో చెప్పాలి. వెళ్ళింది. చెప్పింది. మొదటిసారి నాలుక పిడచకట్టుకుపోయింది. తర్వాత్తర్వాత ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా వచ్చేసింది. ప్రభు భోజనం నాడు మాత్రం ద్రాక్షరసం గిన్నె దగ్గరికి వచ్చేసరికి తల ఎత్తలేకపోయేది. అందరూ దాన్ని భక్తి అనుకునేవారు.

పోయినేడు చింతకాయలు దులిపే రోజుల్లో అంగిట్లో వెనకగా, నాలుక కొసకు బియ్యపు గింజంత గరుకు తగిలింది. నొప్పి లేదు. నలభై ఏళ్ళ వేడికి కాయకాసిన అంగిలికి నొప్పి ఎక్కడిది? నొప్పిలేనిది రోగం ఎలా అవుతుందనుకుంది. వానాకాలానికి అది చింతగింజంత అయింది. అప్పుడప్పుడు ఉమ్ములో ఎరుపు. కరక్కాయ బుగ్గన పెట్టుకుంది, పటికనీళ్ళు పుక్కిలించింది, వెన్న రాసింది. అన్నం తినడానికి తంటాలు పడుతుంటే పుష్పలత అడిగింది.

"పన్ను" అంది మాణిక్యం.

పుష్పలత ఆమెను ఆర్‌ఎంపీ డాక్టరు కామేశ్వరరావుగారి దగ్గరికి తీసుకెళ్ళింది. కూతురు భుజం మీద చెయ్యేసి నిలబడి ఉంది. నోరు బాగా తెరిస్తే పొగచూరిన వంటింటి కప్పులాంటి అంగిలి బయటపడుతుంది. నాలుగేళ్ళ క్రితం మానేసిన నోరు అలా ఉండదు. అందుకని వేలు పట్టేంత మేర తెరిచింది. ఆయనా మూరెడు దూరంలో కూర్చునే చూసి, "వేడి చేసిందే. నోరు పూసింది" అని పసుప్పచ్చ బిళ్ళలిచ్చారు. నెల తర్వాత మళ్ళీ వెళితే పన్ను తీసేద్దామన్నారు. తీయించుకుంది. పై దవడ పన్ను, రాయిలాంటిది. పట్టకారు రెండుసార్లు జారింది. "ఇంత గట్టి పన్ను నొప్పెట్టడమేంటే, చిత్రంగా ఉంది" అన్నారు. కాగితంలో చుట్టి ఇచ్చిన పన్నును మాణిక్యం ఇంటిదాకా గుప్పిట్లోనే పట్టుకొచ్చింది. దానికి ఏ పాపమూ తెలియదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. మాణిక్యం కొట్టుడుకర్ర పక్కన పెట్టి, మిగిలిన చుట్ట కొసను తడిపీచుతో నలిపి ఆర్పింది. దుంగ కింద గుంతలోంచి ఒక రేకు పెట్టె తీసింది. చుట్టల డబ్బా గుళ్ళో ఉండిపోయాక దానికి బదులు వచ్చిన పెట్టె ఇది. పుష్పలత చదువుకున్నప్పటి జామెట్రీ బాక్సు. మూత లోపల, వృత్తలేఖిని మొనతో కాబోలు, పిల్ల చేతిరాత చెక్కి ఉంది: పి. పుష్పలత, 8-బి. చుట్ట ముక్కను అందులో పెట్టింది. అందులోంచే రెండు జామాకులు తీసి నమిలింది. కాలవలో దిగి నోరు నాలుగుసార్లు పుక్కిలించి, మొహం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుంది.

"పద ఒదినా" అంది పాపాయమ్మ. ఆవిడ మొహం కూడా కడుక్కోలేదు.

బళ్ళో మూడో తరగతి గదిలో బెంచీలు గోడవారకు జరిపేరు. కిటికీ ఎదురుగా ఒక ఎత్తుపీట. దాని పక్కన కాకినాడ నుంచి వచ్చిన డాక్టరమ్మ, చిన్నవయసు మనిషి, చేతిలో టార్చిలైటు. నేల మీద పాతికమంది దాకా ఆడవాళ్ళు. పుష్పలత తలుపు దగ్గర బల్ల వేసుకుని రిజిస్టరులో పేర్లు రాస్తూ, ఒక్కొక్కళ్ళకీ అంకె వేసిన కాగితం చీటీ ఇస్తోంది. బొట్టులేని నుదురు, బిగించి వేసిన జడ, ఇస్త్రీ చీర. తల్లిని చూడగానే ఆమె మొహం విప్పారింది.

"వచ్చేవా. మానేసినవాళ్ళని కూడా చూస్తారంట అమ్మా, నీకూ రాసేను" అని పద్నాలుగో నంబరు చీటీ చేతిలో పెట్టింది. "ముందు నువ్వు నాలుగు ముక్కలు చెప్పు. మీ వాళ్ళు డాక్టరుగారు చెప్తే వినరు, నువ్వు చెప్తే వింటారు."

మాణిక్యం చెప్పింది. పెబువు నా నోరు కడిగేడండి అనే చెప్పింది. ఎదురుగా కళ్ళం ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ళ మొహాల్లో ఏమీ లేదు. నవ్వైనా ఉంటే బాగుండేది. సిగ్గుతో ఆమెకు చెవులు కాలిపోయాయి. మధ్యలో ఒక మాట మరిచిపోయి అక్కడే ఆపేసింది.

"చాలా బాగా చెప్పేరండి" అంది డాక్టరమ్మ. "రండి, ముందు మీ నోరే చూద్దాం. మానేస్తే అంగిలి ఎంత శుభ్రపడుతుందో వీళ్ళందరికీ చూపిస్తాను."

మాణిక్యం వెళ్ళి పీట మీద కూర్చుంది. కిటికీలోంచి వెలుగు సూటిగా మొహం మీద పడింది. టార్చి వెలిగింది. వెనక ఆడవాళ్ళు చూడ్డానికి లేచి దగ్గరికి జరుగుతున్నారు.

తెరిచేద్దామనే అనుకుంది. అప్పటికి ఏడాదిన్నరగా దాన్ని ఒక్కతే నాలుకతో తడుముకుంటోంది. ఎవరైనా చూసి అదేమిటో చెబితే చాలునన్నట్టుంది. చేతిలో చీటీ చెమటకు మెత్తబడింది. పెదవులు విడివడ్డాయి కూడా.

అప్పుడు పుష్పలత, తల్లి భయపడుతోందనుకుని, వచ్చి భుజం పట్టుకుని మొహం మీదికి వంగింది. వంగిన మనిషి అలాగే ఆగిపోయింది.

జామాకు వాసన. దాని కింద చుట్ట. దాని కింద ఇంకేదో, కుళ్ళినది.

తల్లీకూతుళ్ళ కళ్ళు ఒక్క క్షణం కలిశాయి. పుష్పలతకు తెలిసిపోయిందని మాణిక్యానికి తెలిసింది. ఇంకాస్సేపు చూస్తే, తెలియడం ఇప్పుడు కాదు, ఎప్పుడో అయిందని కూడా తెలిసింది. దిండు గలీబు మీద ఎర్రటి మరకలు తనకన్నా ముందే లేచి ఉతికేస్తున్నదెవరు?

'చూపించమ్మా' అని ఆ పిల్ల అంటే చూపించేసేది. ఆ ఒక్క మాట కోసమే నోరు సగం తెరిచి ఎదురుచూసింది.

పుష్పలత తల తిప్పి డాక్టరమ్మతో అంది: "మా అమ్మ మొన్నే పన్ను తీయించుకుందండి. నోరు తెరవలేకపోతోంది. ఇంకోసారి చూద్దురుగాని."

ఆమె గొంతు మామూలుగానే ఉంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి, అచ్చం తల్లిలాగే.

"అలాగా. సరే, రెండు నెలల్లో మళ్ళీ వస్తాం. అప్పుడు తప్పకుండా రావాలి మీరు" అంది డాక్టరమ్మ.

"ఆయ్, అలాగేనండి" అంది మాణిక్యం. లేచి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవారకు నడిచింది. పుష్పలత వెళ్ళి రిజిస్టరు ముందు కూర్చుంది. పద్నాలుగో నంబరు ఎదుట 'మానేసినది' అని రాసి, కలం అక్కడే పెట్టి చాలాసేపు ఉంచింది. సిరా చుక్క పెద్దదయింది.

"ఖాళీయేనాండి పీట?" అంటూ పాపాయమ్మ వచ్చి కూర్చుంది. "నాది సూడండి. మాన్లేదు, మాననూ మానను. ముందే సెప్తన్నాను." కప్ప నోరు తెరిచినట్టు తెరిచింది. ఆడవాళ్ళు నవ్వేరు. డాక్టరమ్మ నవ్వలేదు. టార్చి ఇటూ అటూ తిప్పి, చేతిగుడ్డ తీసి తుడిచి, మళ్ళీ చూసింది.

"ఇది ఎన్నాళ్ళుగా ఉంది?"

"ఏదండీ?"

"ఈ మచ్చ. నొప్పి లేదా?"

"లేదండి."

"నొప్పి లేకపోవడమే దీనితో చిక్కు. చిన్నదే, భయపడకండి. ఈ వారంలో కాకినాడ వస్తే కోసి తీసేస్తాం. ముదిరితే రాచపుండు అవుతుంది."

పాపాయమ్మ నోరు మూయడం మరిచిపోయింది. తిరిగి వెళ్ళేటప్పుడు కళ్ళం మలుపు దగ్గర మాణిక్యం చెయ్యి పట్టుకుని, "నువ్వు కూడా రా ఒదినా. ఇద్దరం ఎల్దాం. ఎవరికీ సెప్పొద్దులే" అంది.

"నాకేటయిందే" అంది మాణిక్యం. చెయ్యి విడిపించుకుని, సాయంత్రం దాకా డొక్కలు కొట్టింది.

పొద్దు వాలేక ఇంటికి వచ్చేసరికి పుష్పలత వండేసింది. కంచంలో మెత్తగా పిసికిన అన్నం, సొరకాయ కూర. మాణిక్యం ఒక ముద్ద పెట్టుకుంది. కారం లేదు. ఉప్పు కూడా ఉందా లేదా అన్నట్టుంది. వేరే గిన్నెలో పుష్పలత తన కోసం కారం వేసిన కూర పెట్టుకుంది. ఈ రెండు గిన్నెల వంట ఎప్పట్నించి జరుగుతోందో మాణిక్యం గుర్తుచేసుకోబోయింది. తను ఎప్పుడూ అడగలేదు.

"పుష్పా."

"చల్లారిపోతుంది, తిను" అంది పుష్పలత తల ఎత్తకుండా.

తింది.

పాపాయమ్మ ఆ వారమే ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి, గోదావరి దాటి కాకినాడ వెళ్ళింది. ఇరవై రోజుల తర్వాత తిరిగొచ్చింది. మాట కాస్త ముద్దగా వస్తోంది గాని, తిట్లకు లోటు లేదు. డాక్టర్లు రెండు నెలల్లో రాలేదు. వరద వచ్చి రోడ్లు తెగేయి. క్రిస్మస్ నాటికి మాణిక్యం గంజి తాగితే ముక్కులోంచి రావడం మొదలైంది. అప్పుడు పుష్పలత సెలవు పెట్టి, తల్లిని పట్టుకుని అదే పంటు ఎక్కింది. ఆసుపత్రిలో ఎవరో పెద్ద డాక్టరు నోట్లోకి చూసి, చేతులు కడుక్కుంటూ, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారమ్మా అని అడిగాడు. "పన్ననుకున్నామండి" అంది పుష్పలత. మాణిక్యం మాట అప్పటికే గాలిలా ముక్కులోంచి పోతోంది. పీట మీదనుంచి చెయ్యి చాపి, అది తన తప్పే అన్నట్టు, కూతురి చేతి మీద వేసింది.

మట్టల ఆదివారం పొద్దున్నే, గుడికి కొబ్బరి మట్టలు నరుకుతున్న చప్పుడు వినపడుతుండగా మాణిక్యం పోయింది.

సమాధి దగ్గర ఏసుదాసుగారు ఆమె సాక్ష్యాన్ని మొదట్నుంచీ చెప్పేరు. చుట్టల డబ్బా బల్ల మీద పెట్టిన రోజూ, ప్రభువు కడిగిన నోరూ. ఎప్పుడో మానేసిన అలవాటు కూడా ఇన్నేళ్ళకు ప్రాణం తీసిందనీ, ఆడబిడ్డలు గ్రహించాలనీ అన్నారు. పుష్పలత ఒక్కసారి తల ఎత్తింది. కాదు, ఆమె మానలేదు, నాకు తెలుసు అని అనాలనుకుంది. పేటంతా తన వంకే చూస్తోంది. తల దించుకుంది. అంతా ఏడుస్తోందనుకున్నారు.

మూడో రోజున పాపాయమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది. కొంగు ముడి విప్పి రేకు పెట్టె తీసింది.

"దుంగ కింద ఉందమ్మా. కాలవలో పారేద్దారనే తీసేను. నీ పేరుంది కదాని తెచ్చేను."

ఆమె వెళ్ళేక పుష్పలత మూత తీసింది. నలిపి ఆర్పిన సగం చుట్ట. ఎండి గొట్టంలా చుట్టుకుపోయిన రెండు జామాకులు. వాటి కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం చీటీ. తన చేతిరాతతో పద్నాలుగు అంకె. తడి వేళ్ళతో ఎన్నోసార్లు విప్పి, మళ్ళీ మడిచి దాచుకున్నట్టు, ఆ చీటీ మడతల దగ్గర చిరగడానికి సిద్ధంగా ఉంది.